పొట్లంలోని పదకొండు గింజలు

ఎండిన కొమ్మ వెనక జిగురు పూసి, అట్టమీద బోర్లించి, పాత గుడ్డతో అదిమిపట్టాడు జిగురు బాబాయి. ఎండు మొక్కల నమూనాలు దాచే ఈ గదిలో ముప్పై ఆరేళ్లుగా ఇదే పని. వేళ్ల చివర గీతలు కూడా అరిగిపోయాయి. "బాబాయితో చెయ్యి కలిపావా, ఇంటికి ఆయన్ని కూడా తీసుకుపోవాల్సిందే" అని ఆఫీసులో ఆటపట్టిస్తారు.

కిటికీ దగ్గర కుర్చీలో డాక్టరమ్మ. ఆమె చదువంతా మొక్కల గురించే. రిటైరై పంతొమ్మిదేళ్లయినా రోజూ వస్తుంది. ఆమె కోర్టుకెక్కితే రెండు కొండలమీద క్వారీలు మూతబడ్డాయి. ఆమె మాట్లాడితే మంత్రులు సైతం నోరు మూసుకుని విన్నారు. ఇప్పుడు నాలుగడుగులేస్తే ఆయాసం. ఇక రోజుల్లోనే అని ఆసుపత్రివాళ్లు తేల్చేశారు.

ఆమె ముందు గాజుపళ్లెంలో తడి కాగితం, దానిమీద పదకొండు గింజలు. నానేసి ఇరవైమూడు రోజులు.

"ఏమన్నా ఉబ్బాయా?"

"ఇంకా లేదమ్మా."

ఆ గింజలు కాసిన మొక్క ఒక్క కొండమీద, ఒక్కటే దుబ్బుగా దొరికింది. వేరుతో సహా ఉంటేనే నమూనా పూర్తయినట్టు. ఇంకో దుబ్బు ఎక్కడో ఉండకపోతుందా అనుకుని ఆమె పెకలించింది. ఆ తర్వాత ఏటా వెళ్లి వెతికింది. లేదు. ఆ ఒక్క పొరపాటే ఆమెను ఊరూరా తిప్పింది, ఊరుకోనివ్వకుండా పోట్లాడించింది. మిగిలిందల్లా అట్టకంటించిన పొట్లంలో ఈ గింజలే.

అవి ఎందుకు ఉబ్బవో బాబాయికి తెలుసు. పనిలో చేరిన కొత్తలో, గింజలు విడిగా తీసిపెట్టకుండానే, ఆ మొక్కను కాయలతో సహా పురుగు పట్టకుండా వాడే విషపు మందులో ముంచేశాడు. ఆనక గింజలు రాల్చి పొట్లం కట్టాడు. ఉద్యోగం ఊడుతుందని నోరు మెదపలేదు. ఇవాళ చెప్పకపోతే, చెప్పుకునేందుకు ఆ మనిషే ఉండదు.

మూడింటికి మంచినీళ్లు అందిస్తూ అన్నాడు.

"అవి మొలవవమ్మా. నేనే చంపాను. మందులో ముంచాక గింజలు తీశాను."

ఆమె గ్లాసు ఖాళీ చేసి పక్కన పెట్టింది.

"తెలుసులేవయ్యా. పొట్లం విప్పిన రోజే మందు మరకలు చూశాను."

"మరెందుకు నానేశారమ్మా?"

"పళ్లెం ఇక్కడుంటే, రేపు కూడా రావాలనిపిస్తుంది."

"నన్ను తిట్టండమ్మా!"

"నేను పెకలించకపోతే నువ్వెక్కడ ముంచేవాడివి? ఆ కలం ఇటివ్వు. వెళ్లి కారు వచ్చిందేమో చూడు."

కారెక్కాక అద్దం దించింది. "రేపు కాగితం తడపడం మర్చిపోకు."

మర్నాడు పొద్దున ఆమె మేనకోడలు ఫోన్ చేసింది. "అత్త పోయింది బాబాయ్. నిద్రలోనే."

బాబాయి వెళ్లి కాగితం తడిపాడు. తర్వాత ఆ మొక్క అట్ట తెరిచాడు. లోపల, అంటించడానికి పెట్టిన కొత్త చీటీ. ఈ గదిలో ఒకసారి అంటించిన చీటీని ఎవరూ పీకరు. వందేళ్ల తర్వాత చదివేవాళ్లకూ అదే నిజం. వణికిన అక్షరాలు:

"పెకలించినది నేను. గింజలు తీయకముందే మందులో ముంచినదీ నేనే."

కింద సంతకం.

కుంచె జిగురులో ముంచి పట్టుకున్నాడు. అది ఆరి కట్టెలా బిగుసుకున్నా చెయ్యి ముందుకు పోలేదు. అట్టమీద చీటీ ఫ్యాను గాలికి ఒక మూల లేస్తూ, పడుతూ, మళ్లీ లేస్తూ ఉంది.