ఎల్ వై వస్తే ‘గా’

మంచి వార్త విని ఏడ్చేవాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు. మంచి వార్తను చెడ్డ వార్త అనుకుని ఒక పూటంతా కుమిలిపోయినవాడు మాత్రం ధర్మవరం నేతగాళ్ళలో ఓబుళప్ప ఒక్కడే అయివుంటాడు.

ఆ వార్త శుక్రవారం పొద్దున ఏడున్నరకు ఫోన్‌లో వచ్చింది. అప్పటికి ఓబుళప్ప స్నానం ముగించి, చౌడేశ్వరమ్మ పటం ముందు దీపం పెట్టి, మగ్గం గుంటలోకి కాళ్ళు దించబోతున్నాడు. పంపింది హిందూపురం బట్టల అంగడి రమాదేవమ్మ కోడలు ప్రత్యూష. బెంగుళూరులో చదివిన పిల్ల, ఏం రాసినా ఇంగ్లీషులోనే రాస్తుంది. నిన్న చీరె నీళ్ళలో నానబెట్టామని మొదటి వాక్యం. అది తేలిగ్గానే తెలిసింది. అత్తయ్య మీతో మాట్లాడాలంటున్నారని చివరి వాక్యం. అదీ తెలిసింది. గుండె జారిపోయింది ఆ రెండింటి నడుమ ఉన్నదానితో.

‘ద రెడ్ హార్డ్లీ కేమ్ ఆఫ్.’

ఓబుళప్ప పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినా ఇంగ్లీషులో ఎప్పుడూ వెనకబడలేదు. తిమ్మయ్య సార్ బోర్డు మీద రాసి పాడించిన సూత్రం ఇప్పటికీ నోటికి వచ్చు. స్లో అంటే నెమ్మది, స్లోలీ అంటే నెమ్మదిగా. సాఫ్ట్ అంటే మెత్తన, సాఫ్ట్లీ అంటే మెత్తగా. ఎల్ వై వస్తే ‘గా’. ఆ లెక్కన హార్డ్ అంటే గట్టి, హార్డ్లీ అంటే గట్టిగా. అంచులో ఎరుపు గట్టిగా ఊడి వచ్చింది!

అది మామూలు చీరె అయితే ఇంత బాధ లేదు. రమాదేవమ్మ వాళ్ళ పేటలోని అమ్మవారికి దసరా తొమ్మిది రోజులూ తొమ్మిది కొత్త చీరెలు కడతారు. ఆ గుడి ఆచారం ప్రకారం చీరె కట్టిన తర్వాతే పసుపునీళ్ళు పోస్తారు. పోయిన ఏడాది వేరే ఊరి నుంచి తెచ్చిన చీరె తడవగానే అంచు రంగు దిగి, అమ్మ పాదాల మీద ఎర్రటి చారలు కట్టాయి. ఆడవాళ్ళు అరిష్టమని బెదిరిపోయారు. అందుకే ఈసారి రమాదేవమ్మ ముందుగా ఒక్క చీరె నేయమంది. మీగడ రంగు ఒళ్ళు, కుంకుమ రంగు అంచు. “తడిపి చూస్తానప్పా. నిలబడితే తక్కిన ఎనిమిదీ నీవే” అంది.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఇరవై ఏళ్ళుగా పట్టుకు రంగు వేసి ఇచ్చిన రాజశేఖర్ కళ్ళు కనపడక పని మానేశాడు. ఈ ఎరుపు ఓబుళప్ప, భార్య యశోదమ్మ కలిసి పెరట్లో పొయ్యి మీద మొట్టమొదటిసారి సొంతంగా వేసిన ఎరుపు. అది ఊడిందంటే చెయ్యి పనికిరాదని అమ్మవారే చెప్పినట్టు అనుకున్నాడు ఓబుళప్ప.

“ఏమయ్యా, ఫోన్ పట్టుకుని అట్ల కూలబడితివి?” అంది యశోదమ్మ.

“రంగు పోయిందంటనే.”

“ఎవురన్న్యారు?”

“ఈడ రాసుండాది. గట్టిగా పోయిందంట.”

యశోదమ్మ ముక్కున వేలేసుకుంది. “రంగు గట్టిగా పోవడమేందయ్యా? బాగా పోయింది అంటారు, అంతా పోయింది అంటారు. గట్టిగా పోయింది అని ఎవురన్నా అంటారా?”

“ఇంగ్లీషులో అట్లే అంటారు. నీకు తెల్దు ఊరుకో.”

“నాకు ఇంగ్లీషు తెల్దు గానీ ఎరుపు తెలుసు. నాలుగు తూర్లు జాడించింది నేను. కడాకు నీళ్ళు తేటగా వచ్చినాయి.”

ఓబుళప్ప ఆ మాట చెవికి ఎక్కించుకోలేదు. వెంటనే జవాబు కొట్టాడు. సారీ మేడమ్, తప్పు నాదే, నేను వస్తాండా అని తనకొచ్చిన ఇంగ్లీషులో. నిమిషంలో అటునుంచి ఒక ప్రశ్నార్థకం వచ్చింది. ముందూ వెనకా ఒక్క అక్షరం లేదు. ఏం మొగం పెట్టుకుని వస్తావు అని అడిగినట్టే తోచింది అతనికి.

పడుగు, అంటే నిలువు దారాలు, రెండు మూడు చీరెలకు సరిపడా ఎక్కించుకున్నారు గనక, మగ్గం మీద అదే అంచుతో రెండో చీరె సగం దాకా వచ్చి ఉంది. “ఆ పడుగు తెంపెయ్. అమ్మకు పనికిరాదు. నా చేత్తో నేను తెంపలేను” అని కత్తెర భార్య చేతికిచ్చి, చొక్కా తగిలించుకుని స్టేషనుకు పోయాడు.

రైల్లో కిటికీ పక్కన కూర్చుని అమ్మవారితో తగవు వేసుకున్నాడు. ‘ఆచారం తప్పలేదే తల్లీ. రంగు వేసిన రోజు నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదే. లోపం యాడుండాదో చెప్పకుండా చెయ్యి పనికిరాదంటే ఎట్లమ్మా?’ తగవు తెగలేదు. పెనుకొండ వచ్చింది.

పెనుకొండలో దిగాలని ఇంటి దగ్గరే అనుకున్నాడు. తిమ్మయ్య సార్ రిటైరయ్యాక అక్కడే కాపురం. తన ఇంగ్లీషుకు ప్రశ్నార్థకం వచ్చింది గనక, క్షమాపణ ఏదో సార్ చేత సరిగా రాయించుకుని పోదామని.

సార్ గడప ముందర కుర్చీ వేసుకుని చెనిక్కాయలు ఒలుస్తున్నాడు. ఎనభై దాటినా మనిషిని గుర్తుపట్టాడు. “ఏమప్పా ఓబుళా, రా, కూచో. ఏమి, మొగమంతా అట్లుండాది?”

ఓబుళప్ప జరిగింది చెప్పి ఫోన్ చూపించాడు. సార్ కళ్ళజోడు సవరించుకుని చదివాడు. మళ్ళీ చదివాడు.

“దీనికి సారీ ఎందుకు రాయాలప్పా? ఆ పిల్ల నిన్ను మెచ్చుకుంటా ఉంటే.”

“మెచ్చుకుంటాందా సార్?”

“హార్డ్లీ అంటే ఏమనుకున్న్యావు నువ్వు?”

“గట్టిగా, సార్.”

“ఎవుడు చెప్పినాడు నీకు?”

ఓబుళప్ప నేల చూపులు చూశాడు. “మీరే సార్. ఎల్ వై వస్తే గా.”

సార్ చేతిలోని చెనిక్కాయను పక్కన పెట్టాడు. “నిజమే. ముప్పై ఏండ్లు అదే చెప్పినా” అన్నాడు. “ఈ ఒక్క మాట ఆ వరసలో ఇమడదని చెప్పలేదా మీకు?”

“ఆ పొద్దు నేను రాలేదేమో సార్.”

“నువ్వు వచ్చే ఉంటావులే. నేనే చెప్పుండను.” సార్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. “ఇను. మీ నాయన గట్టిగా పనిచేస్తాడు అనాలంటే హార్డ్ అంటే చాలు. దానికి ఎల్ వై తగిలించినావనుకో, అర్థం తిరగబడతాది. మీ నాయన పనే చెయ్యడు అని అయిపోతాది. ఐ హార్డ్లీ స్లెప్ట్ అంటే గట్టిగా నిద్రపోయినా అని కాదు, కునుకే పట్టలేదని.”

ఓబుళప్ప నోరు తెరిచాడు. “సార్, పరీక్షలో నేను అట్లే రాసినా. మా నాయన రోజంతా మగ్గం మీద హార్డ్లీ పనిచేస్తాడని.”

“మార్కులేసినానా?”

“వేసినారు సార్. పక్కన గుడ్ అని కూడా రాసినారు.”

సార్ నవ్వాడు. పొర పోయేదాకా నవ్వాడు. లోపల నుంచి ఎవరో నీళ్ళు తెచ్చి ఇవ్వాల్సి వచ్చింది. ఓబుళప్పకు ముందు నవ్వు రాలేదు. ఒళ్ళంతా ఒక్కసారి తేలికై, మెట్టు మీద చతికిలబడ్డాడు. రంగు పోలేదు. చెయ్యి చెడిపోలేదు. ఏడున్నరకే అమ్మ చల్లని మాట పంపితే, తాను పదిన్నర దాకా ఆమెతోనే తగవు వేసుకున్నాడు. తలుచుకుంటే అప్పుడు వచ్చింది నవ్వు.

ఆ నవ్వు సగంలోనే కత్తెర గుర్తొచ్చింది. ఫోన్ చేశాడు. యశోదమ్మ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. మూడోసారికి ఎత్తింది.

“తెంపినావా?”

“ఏంది తెంపేది? మగ్గం మీద ఉండా, చప్పుడుకు ఇనపల్లేదు. నువ్వు పోయినాక మూరెడు నేసినా.”

“తెంపమని చెప్పినా కదే!”

“చెప్పినావులే. నేను ఇన్న్యానా?”

పెళ్ళాం తన మాట వినలేదని ఓబుళప్ప ఇంత సంతోషపడటం పెళ్ళైనాక ఇదే మొదలు.

లేచి వెళ్ళబోతూ ఆగాడు. “సార్, హార్డ్లీ అంటే బొత్తిగా పోలేదనా?”

“బొత్తిగా కాదప్పా. కొంచెం పోయిందా అంటే పోయింది, పోలేదా అంటే పోలేదు. దానికి సరిగ్గా అతికే తెలుగు మాట నాకూ దొరకలేదు.”

“ఆ కొంచెం ఎంత సార్?”

“అది ఇంగ్లీషు చెప్పదు. పోయి చూసుకోవాల్సిందే.”

అందుకని బస్సెక్కి హిందూపురం పోయాడు. పొద్దుటి బరువు లేదు గానీ ఆ ‘కొంచెం’ మాత్రం చెప్పులో రాయిలాగా ఉంది.

అంగట్లోకి అడుగు పెట్టగానే రమాదేవమ్మ అందుకుంది. “ఏమప్పా ఓబుళప్పా! మా పిల్లను హడలగొట్టినావే! సారీ అంట, తప్పంట, వస్తాండావంట. చీరె ఎత్తుకపోయి ఎవురికో ఇచ్చుకుంటావని పొద్దున్నించి మా ఇద్దరికీ కాఫీ గూడా దిగలేదు.”

“నేను ప్రశ్నార్థకం పెట్టాను అంకుల్, మీరు రిప్లై ఇవ్వలేదు” అంది ప్రత్యూష పక్క నుంచి.

ఓబుళప్ప చేతులు జోడించి ఉన్నదంతా చెప్పుకున్నాడు. ప్రత్యూష రెండు చేతులతో నోరు మూసుకుంది. నవ్వుతోందో నొచ్చుకుంటోందో తెలియలేదు. రెండూ అయివుండాలి. “సారీ అంకుల్, నాకు తెలుగులో టైప్ చేయడం రాదు. మాట్లాడాలన్నది కూడా తక్కిన చీరెల గురించే” అంది.

“మొదట ఆ నీళ్ళు చూపించమ్మా” అన్నాడు ఓబుళప్ప.

నీళ్ళు పారబోయలేదు. పెరట్లో తెల్ల ప్లాస్టిక్ టబ్బులో అట్లే ఉన్నాయి. వంగి చూశాడు. తేటగానే ఉన్నాయి. ఎండ పడేలా టబ్బును పక్కకు తిప్పితే అడుగున, పసిపిల్ల గోరంత లేత గులాబి జాడ. ఆరేసిన చీరెను అంచు వెంబడి రెండు వేళ్ళతో పట్టుకుని మొత్తం చూసుకున్నాడు. మీగడ రంగు మీద ఎక్కడా మరక లేదు.

“ఇదేనా హార్డ్లీ?” అన్నాడు.

“ఇదే అంకుల్. దీన్ని తెలుగులో ఏమని రాయాలి నేను?”

“మా సార్‌కే దొరకలేదంటమ్మా.”

రమాదేవమ్మ ఆరిన చీరె మడత పెడుతూ, తల తిప్పకుండానే అంది. “దొరకనిదేముండాది దాంట్లో? దిగీ దిగనట్టు దిగింది.”

ఓబుళప్ప అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. అంతే కదా! నవ్వీ నవ్వనట్టు, తినీ తిననట్టు, చూసీ చూడనట్టు. ఒక పూటంతా రైలూ బస్సూ ఎక్కి వెతికిన మాట ఈమె నోట్లో రోజూ మెదిలేదే. ప్రత్యూష ఆ మాట రెండుసార్లు పలికి చూసి, కన్నడంలోనూ ఇట్లాగే అంటారని మురిసిపోయింది.

“తక్కిన ఎనిమిదీ ఎప్పుడిస్తావు?” అంది రమాదేవమ్మ.

“ఇస్తానమ్మా. వాటిని ఐదోసారి కూడా జాడిస్తాం.”

“అక్కర్లేదప్పా, ఇంత మాత్రానికి.”

“అమ్మ ఒంటి మీదికి కదమ్మా. దిగీ దిగనట్టు కూడా దిగకూడదు.”

భోజనం పెట్టి గాని వదల్లేదు. శుక్రవారం గనక సాయంత్రం సేవకు ఆ చీరెనే అమ్మకు కట్టిద్దామంది రమాదేవమ్మ. దసరా దాకా ఆగడమెందుకు, తేలిపోతుంది కదా అని. దసరాకు దీని బదులు ఇంకొకటి నేసిస్తానన్నాడు ఓబుళప్ప. గుడిలో ఒక స్తంభం పక్కన నిలబడ్డాడు.

పూజారి మీగడ రంగు చీరె కట్టి, కుచ్చిళ్ళు సర్ది, కుంకుమ అంచు పాదాల మీదికి వచ్చేలా దింపాడు. మంత్రం చెబుతూ చెంబెత్తి పసుపునీళ్ళు పోశాడు. జనమంతా అమ్మవారి మొహం చూస్తున్నారు. ఓబుళప్ప ఒక్కడు మాత్రం కిందికి చూస్తున్నాడు. నీళ్ళు కుచ్చిళ్ళ మీంచి జారి, అంచు తడిపి, పాదాలు తాకి, రాతి కాలువలోకి పారాయి. మరో చెంబు. మరొకటి.

పసుపు పసుపుగానే పారింది.

అప్పుడు తలెత్తి అమ్మవారిని చూశాడు.

‘ఏడున్నరకే చెప్పినావమ్మా. చదువుకోలేకపోయింది నేనే’ అనుకుని, తీర్థం కోసం చెయ్యి చాపాడు.