ఇసుక మేట మీద ఆదివారాలు

పదకొండేళ్ళుగా షెడ్డులో బోర్లా పడి ఉన్న నాన్న పడవని తమ్ముడు మళ్ళీ నీళ్ళలోకి దించాడు. పుచ్చిన పలకలు మార్చి, సందుల్లో తారు కూరి, తెరచాప కొయ్య నిలబెట్టాడు. తెరచాప మాత్రం అమ్మే కుట్టింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, మిషను కింద నుంచి అంత గుడ్డ లాగలేక, రెండో కొస నన్ను పట్టుకోమంది. ఆఖరి దారం కొరికేసి, "నేనూ వస్తా" అంది.

"ఎండమ్మా. పడవలో నీడుండదు," అన్నాను.

"నాకు తెలీని పడవా? చెప్పొచ్చావు గాని!"



మా ఊరి రేవు నుంచి దీపస్తంభం దాకా, సముద్రపు ఒడ్డుకి లోపలివైపుగా ఒక ఉప్పుటేరు ఉంది. చూడ్డానికి చెరువంత వెడల్పు. కానీ పాటు తీసి నీళ్ళు సముద్రంలోకి వెనక్కి పోయాయంటే చాలాచోట్ల మోకాలి లోతే. నడిమధ్య పడవలు తిరిగే దారి ఒకటుంటుంది. దానికి రెండు పక్కలా గుర్తుగా గుంజలు పాతి ఉంటాయి.

నాన్నది పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే ఉద్యోగం. అమ్మ ముందుగదిలో బట్టలు కుట్టేది. కిటికీ దగ్గర మిషను, మేకులకి సగం కుట్టిన చొక్కాలు, మంచం నిండా గుడ్డముక్కలు. గుమ్మంలో "రేపటికి కావాలమ్మా" అంటూ ఎవరో ఒకరు. అమ్మ కుదురుగా కూర్చుని భోంచెయ్యడం నేను చూసింది తక్కువ.

నెలకో ఆదివారం నాన్న మా అందరినీ పడవెక్కించి, దీపస్తంభానికి తీసుకెళ్తాననేవాడు. ఒక్కసారీ చేరలేదు. సరిగ్గా ఏటి వంపు దగ్గర పడవ ఇసుక మేట ఎక్కి కూర్చునేది. "అయ్యో, మళ్ళీనా!" అని నాన్న నెత్తిన చెయ్యి పెట్టుకునేవాడు. పోటు వచ్చి, నీళ్ళు పెరిగి పడవ తేలేదాకా నాలుగైదు గంటలు అక్కడే. నేనూ తమ్ముడూ పీతల వెంటపడేవాళ్ళం. అమ్మ, దించిన తెరచాప మడతల్లో ఒళ్ళు తెలీకుండా నిద్రపోయేది.

రేవులో అందరూ నాన్నని "మేటల కెప్టెన్" అనేవారు. తమ్ముడికది నవ్వులాట. నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది. పద్నాలుగేళ్ళప్పుడు ఒక సాయంత్రం రేవులో అందరి ముందూ అనేశాను: "నీకు పడవ నడపడం రాదు నాన్నా. నలుగురిలో మా పరువెందుకు తీస్తావు?"

నాన్న చిన్నగా నవ్వి తాడు కట్టుకుంటూ ఉండిపోయాడు. ఆ తర్వాత నేనా పడవెక్కలేదు. పెద్దయ్యాక కళ్ళద్దాల దుకాణం పెట్టుకున్నాను. చివరి నాలుగేళ్ళూ మోకాళ్ళు సహకరించక నాన్న కూడా పడవ బోర్లించేశాడు. ఆయన పోయి ఏడేళ్ళు.

మేం బయల్దేరిన రోజు గాలి బాగుంది. అమ్మ ముందు పలక మీద కూర్చుంది. చుక్కాని దగ్గర తమ్ముడు, తెరచాప తాడు పట్టుకుని నేను. తమ్ముడు ఇరవై ఆరేళ్ళుగా ఇదే ఏట్లో లాంచీ నడుపుతున్నాడు. వంపు దగ్గరికి రాగానే తాడు వదులు చెయ్యమన్నాడు. తెరచాప టపటపా కొట్టుకుంది. గెడ తీసుకుని నీళ్ళలోకి దించాడు. నిలువెత్తు మునిగింది.

"పాటు పూర్తిగా తీసేసింది, అయినా ఇంత లోతుంది. అక్కా, మనం ఇరుక్కునేది ఇక్కడే కదూ?"

"ఇక్కడే. అప్పట్లో లోతుండేది కాదేమో."

"లేదు, ఎప్పుడూ ఇంతే. గుంజలు కూడా ఆనాటివే. కళ్ళు మూసుకుని నడిపినా ఇక్కడ మేట తగలదు. తగలాలంటే పనిగట్టుకుని చుక్కాని తిప్పాలి."

అమ్మ వెనక్కి తిరగలేదు. "పనిగట్టుకునే తిప్పేవాడు," అంది.

తమ్ముడు గెడ పడవలోకి లాగాడు, అమ్మ చెప్పుకుంటూ పోయింది.

"మొదటిసారి నిజంగానే ఇరుక్కుంది. ఆవేళ పడవలో పడుకుని నాలుగు గంటలు నిద్రపోయాను. పెళ్ళయ్యాక పగటిపూట కునుకు తీసింది అదే మొదలు. లేచి చూస్తే మీ నాన్న నా మొహానికి ఎండ తగలకుండా చొక్కా పట్టుకు నిలబడి ఉన్నాడు. ఇక ఆ తర్వాత ఏ ఆదివారం పాటు ఎన్నింటికి తీస్తుందో చూసుకుని మరీ బయల్దేరేవాడు."

"నీకు చెప్పాడా?" అన్నాను.

"ఆయనెందుకు చెప్తాడు? మూడోసారి గడియారం చూసుకుంటుంటే నేనే కనిపెట్టాను."

"మరి అడగలేదా?"

"అడిగితే మానేస్తాడుగా!" అని అమ్మ నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. "ఆవేళ రేవులో నేనన్న మాటకి చాలా బాధపడ్డాడా?"

అమ్మ అప్పుడు నావైపు తిరిగింది. "ఇంటికొస్తూ దారిలో, నాకు వినపడదనుకుని తనలో తను గొణుక్కున్నాడు, 'పిల్ల కనిపెట్టేసిందేమోనని హడలిపోయాను, బతికిపోయాను' అని. బాధ ఎందుకుండదూ, నువ్వు రావడం మానేశాక ఉండేది. నీ చోటు ఖాళీగా ఉంచి కూర్చునేవాళ్ళం."

నేను ఏడ్చాను. తమ్ముడు నా చేతిలోంచి తాడు తీసుకుని తనే బిగించాడు. పడవ ఒక పక్కకి ఒరిగి ముందుకి సాగింది. కాసేపటికి అమ్మ, "ఏడిస్తే ఏడిచావు గాని, ఆ నీళ్ళ సీసా ఇటియ్యి," అంది.

మధ్యాహ్నానికి దీపస్తంభం చేరాం. దగ్గర్నించి చూస్తే సున్నం రాలిన మామూలు గోడ. మెట్ల నీడలో కూర్చుని తెచ్చుకున్నది తిన్నాం. అమ్మ తనకి కావలసినంత సేపు తీసుకుని, నెమ్మదిగా, ఆఖరి ముద్ద దాకా తింది.