పారబోయని మందు

పొదుపు మంచిదే. ఎక్కడ పడితే అక్కడ చేస్తేనే కొంప మునుగుతుంది.

ప్రయోగశాలలో ఎలుకలను ముసలివయ్యేదాకా సాకే ఆమెను అందరూ ఎలుకలక్క అనేవారు. పెద్దమేడం పరిశోధనంతా ఆ ఎలుకల మీదే. ఒంట్లో కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలో పుట్టే ఒక పెప్టైడ్, అంటే చిన్న ప్రొటీన్ ముక్క, ముసలితనాన్ని కాస్త వెనక్కి నెడుతుందని ఆవిడ నమ్మకం. సగం ఎలుకలకు ఆ మందు, సగానికి ఉత్త ఉప్పునీళ్ళు. రెండేళ్ళు సూదులు వేసింది ఎలుకలక్కే.

గడ్డకట్టిన మందును కరిగించి వాడాక, మిగిలింది పారబోయాలి. ఆ మాట ఫ్రీజరు మీదే రాసి ఉంది. కానీ అంత ఖరీదైన మందును సింకులో పోయడానికి ఆమెకు చేతులు రాలేదు. మూత బిగించి మళ్ళీ ఫ్రీజర్లో పెట్టేది, మర్నాడు మళ్ళీ కరిగించేది. మహాతల్లి, ఒక్క మాట అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా!

ఇవాళ ఫలితం తేలింది. రెండు గుంపుల ఎలుకలూ ఒకే వయసుకు చచ్చాయి. ఖాళీ బోనుల మధ్య కూర్చుని పెద్దమేడం కారణాలు వెతుకుతోంది.

"పదేపదే కరిగిస్తే మందు పాడైపోతుంది. కానీ నువ్వుండగా ఆ పొరపాటు జరగదు. తప్పు నా ఆలోచనదేనమ్మా. ఇరవై ఏళ్ళు గాలిలో మేడలు కట్టాను."

తాను చేసిందదేనని ఎలుకలక్కకు అప్పుడే తెలిసింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఆ ముఖం చూస్తూ ఎలా ఊరుకుంటుంది?

"మేడం... మిగిలింది నేను పారబోయలేదండీ. మళ్ళీ ఫ్రీజర్లో పెట్టి వాడాను."

"ఎన్నిసార్లు?"

"రెండేళ్ళూనండి."

తిడుతుందనుకుంది. తిట్టినా బాగుండేది. పెద్దమేడం ముఖం చిన్నపిల్ల ముఖంలా వెలిగిపోయింది.

"అయితే నా ఆలోచన తప్పు కాకపోవచ్చన్నమాట! కొత్త ఎలుకల్ని తెప్పిద్దాం. అవి ముసలివయ్యేసరికి..." అంటూ లేచినావిడ అక్కడే ఆగిపోయింది. వచ్చే నెలే ఆవిడ రిటైర్మెంటు. ఈ గది ఇంకొకరికి ఇచ్చేశారు కూడా.

మెల్లగా కూర్చుంది.

"నాదే తప్పని తేలినా, ఏడ్చి ఊరుకునేదాన్ని కదమ్మా," అంది. "ఇప్పుడు ఒప్పో తప్పో తెలియకుండానే పోతాను."

ఎలుకలక్క ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి భోరుమంది. పెద్దమేడం ఆమె తల మీద చెయ్యి వేసింది గానీ, చూపు మాత్రం ఖాళీ బోనుల మీదే ఉంది.