చెంచా నిలబడే జావ

మూకుడులో పప్పు చిటపటలాడుతున్నా మూకుడత్త గరిటె ఆపలేదు. పసిపిల్లలకు పోషకాహారపు పిండి తయారుచేసే ఆ షెడ్డులో వేయించడం ఎప్పటినుంచో ఆమె పనే. ఆ పేరూ అలా వచ్చిందే. సెగకు కనుబొమలు సగం మాడిపోయాయి. పక్కగదిలో గింజలు మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి పట్టే పిల్లను అందరూ మొలకలమ్మాయి అంటారు. ఆ పిల్ల నవ్వు వినిపించినప్పుడల్లా అత్తకు ఒళ్ళు మండేది. ఆ మంటకు కట్టెలు లేకుండానే ఇంకో వాయి వేగిపోయేది.

కారణం మనవడు. కూతురు పనికి పోతూ వాణ్ణి ఇక్కడే వదిలి వెళుతుంది. ఏడాది దాటినా ఒళ్ళు చేయడంలేదు. అమ్మమ్మ చెంచా చూస్తే మూతి బిగిస్తాడు. మొలకలమ్మాయి ఒళ్ళో కూర్చుంటే మాత్రం గిన్నె ఖాళీ. సొంత కూతురి కొడుకు!

"నీళ్ళజావ తాగించి మురిపిస్తోంది. చెంచా నిలబడాలి, అదీ బలమంటే," అని అత్త అందరితో అనేది. ఈరోజు అది తేల్చేద్దామని, మనవడి జావకు పిండి కలిపేటప్పుడు మొలకల పిండి డబ్బాను కావాలనే పక్కన పెట్టేసింది.

జావ గట్టిగా వచ్చింది. చెంచా నిలబడింది. మనవడు రెండు చెంచాలు మింగి మూడోదానికి డోకాడు.

"ఇటివ్వండత్తా," అంటూ మొలకలమ్మాయి వచ్చి, వేడి తగ్గని గిన్నెలో తన పిండి చిటికెడు వేసి కలిపింది. చుక్క నీళ్ళు పొయ్యలేదు. జావ అత్త కళ్ళముందే జారుగా అయింది.

"మొలకల పిండి పడితే గట్టి జావ జారవుతుంది, బలం మాత్రం ఎక్కడికీ పోదత్తా. వాడి బుల్లి పొట్టకి ముద్ద ఎక్కువ పట్టదు, ఇదైతే దిగుతుంది."

వాడు గటగటా తాగేశాడు. అత్తకు తల కొట్టేసినట్టయింది.

"ఏం మందు పెట్టావే వాడికి?"

"రేపట్నించి మీరే పెట్టండి. మా ఆయనకి వేరే ఊళ్ళో పని దొరికింది. సాయంత్రం బండికి వెళ్ళిపోతున్నాం."

పీడ విరగడైందనుకుంది అత్త. అనుకున్నంత సంతోషం మాత్రం రాలేదు.

సాయంత్రం ఆ పిల్ల వాడి బుగ్గలు పుణికి వెళ్ళిపోయింది. వాడు గేటువైపు చేతులు చాచి ఏడ్చాడు. అత్త జావ కాచి, తానే చిటికెడు పిండి కలిపి, వాణ్ణి ఒళ్ళో వేసుకుంది. చివరి చుక్కదాకా తాగాడు. కళ్ళు మాత్రం గేటుమీదే. ఊరు దాటిపోయినా ఈ పిల్లతో పోటీ తప్పదా అని అత్తకు మళ్ళీ కడుపు రగిలింది.

గిన్నె కడగడానికి లేచింది. పక్కగది మేకుకు రేపటి గింజల మూట వేలాడుతోంది: తడిగుడ్డ, ఆ పిల్ల వేసిన ముడి, అడుగున అప్పుడే పొడుచుకొస్తున్న తెల్లటి మొలకలు.