అరవై రెండు నాటి రోడ్డు

థోర్న్‌బెక్‌లో షూటింగ్ అంటే ముందుగా రోడ్డు మీద మట్టి పోస్తారు. మట్టి లేనిదే పాతకాలం సీరియల్ని జనం నమ్మరట. ఏ కాలం వేషం వేస్తే ఆ కాలానికి వెళ్లిపోవడం ఆ రోడ్డుకు అలవాటు. మట్టి పడగానే ఎక్కడినుంచో గుర్రబ్బళ్లు వచ్చి దిగబడతాయి, బస్సు ఊరి బయటే ఆగిపోతుంది. ఊళ్లోవాళ్లు విసుక్కుంటూ రబ్బరు బూట్లు తొడుక్కుంటారు, అంతే.

ఈసారి కథ 1962లోది. అయినా సెట్టు వేసే రూపర్ట్ మట్టి లారీలే తెప్పించాడు. మలుపులో టీ కొట్టు నడిపే డోరీన్‌కి ఒళ్లు మండింది.

"నాయనా, అరవై రెండులో ఇక్కడ తారు రోడ్డే. లేనివల్లా ఈ పసుపు గీతలు. వాటిని కప్పు, చాలు."

"అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారండీ?"

"ఆ గీతలు మా చెల్లి పోయాక గీశారు కాబట్టి."

ఆ అరవై రెండులోనే ఆమె చెల్లెలు, ఐదేళ్ల జిల్, మలుపులో ఆపిన రొట్టెల వ్యాను చాటునుంచి రోడ్డు మీదికి పరిగెత్తింది. వస్తున్న లారీవాడికి కనబడలేదు. ఇంకెవరూ అక్కడ బండి ఆపకూడదని ఆ తర్వాత గీతలు గీశారు. అప్పటికి డోరీన్‌కి తొమ్మిదేళ్లు.

రూపర్ట్ వెంటనే మట్టి ఎత్తించి, గీతల మీద నల్ల పట్టీలు అంటింపజేశాడు. చివరి పట్టీ అంటుకుందో లేదో, ఆనాటి రొట్టెల వ్యానే వచ్చి మలుపులో ఆగింది. డోరీన్ పరుగున వెళ్లి అద్దం మీద దబదబా బాదింది.

"బండి తియ్యి. అవతల పెట్టుకో."

"రెండు నిమిషాలేనమ్మా, రొట్టెలిచ్చి వచ్చేస్తా."

"రెండు నిమిషాలూ వద్దు. తియ్యి."

పెద్దావిడతో గొడవెందుకని అతను తీసేశాడు. అంతలో లారీ వచ్చింది. రోడ్డు మీదికి ఉరికిన ఐదేళ్ల గౌను పిల్ల లారీవాడికి దూరంనుంచే కనబడింది. బ్రేకు కీచుమంది. పిల్ల అతనికి నాలుక చూపించి డోరీన్ ఇంట్లోకి పారిపోయింది.

సాయంత్రం పట్టీలు పీకితే కింద గీతల్లేవు. ఇక కార్లు ఇక్కడే పెట్టుకోవచ్చని ఊళ్లోవాళ్లు సంబరపడ్డారు. డోరీన్ మాత్రం తిన్నగా ఇంటికి వెళ్లింది. వంటింటి బల్ల దగ్గర జుట్టు నెరిసిన ఒకావిడ కూర్చుని ఉంది. ముక్కు అచ్చం అమ్మదే.

"ఏంటక్కా, దయ్యాన్ని చూసినట్టు అలా నిలబడిపోయావ్? టీ పెట్టు."

డోరీన్ నీళ్లు మరగబెట్టింది, కప్పులో టీ పోసింది, పాలు కలిపింది. చక్కెర గిన్నె మీద చెయ్యి ఆగిపోయింది. అరవై ఏళ్లుగా ఆ ఇంట్లోనే ఉన్న చెల్లెలు టీలో చక్కెర వేసుకుంటుందో లేదో ఆమెకు తెలియదు.