ఎవరి వీధి వాళ్ళు గీయకూడదు

ఆ ఆఫీసులో ఒక రూలు ఉంది. ప్రాంతం మొత్తానికి బస్సు రూట్లు కొత్తగా గీసేటప్పుడు ఏ ప్లానరూ తన సొంత వీధి గీయకూడదు. ఇద్దరిద్దరిని జత కడతారు. వీళ్ళ వీధి వాళ్ళు, వాళ్ళ వీధి వీళ్ళు గీస్తారు. మ్యాపులు గోడకెక్కే రోజు దాకా ఆ ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు ఆ ఊసెత్తకూడదు. వినడానికి చాదస్తంగా ఉంటుంది కానీ ఈ రూలు ఊరికే పుట్టలేదు. వెనకటికి ఒక ప్లానరు రూట్లన్నీ వంకర తిప్పి మరీ తన అత్తగారి గుమ్మం ముందుకి బస్సు తెప్పించాడు. ఆ స్టాపులో ఎక్కేది ఆవిడొక్కతే. ఆవిడ కూడా హారన్ మోతకి నిద్ర పట్టడం లేదని ఆఫీసుకే ఫిర్యాదు చేసింది.

ఈసారి జతలు చదివినప్పుడు డిటెక్టివ్‌కి కళ్ళజోడు మేడమ్ పడింది. డిటెక్టివ్ అంటే నిజం డిటెక్టివ్ కాదు, అతనూ రూట్లు గీసే ప్లానరే. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ఎందుకు నవ్వారా అని సాయంత్రం దాకా బుర్ర బద్దలుకొట్టుకునే మనిషి కాబట్టి ఆఫీసువాళ్ళు ముద్దుగా పెట్టుకున్న పేరు. ఓసారి అడక్కుండానే సెలవిస్తే, తను లేనప్పుడు వీళ్ళేం చేయబోతున్నారో చూద్దామని సెలవు మానుకుని వచ్చాడు. అలాంటివాడి వైపు తిరిగి, జత పేరు వినగానే, ఆమె నవ్వింది. పాపం, ఆమెకేం తెలుసు.

అతని భయానికి కారణం లేకపోలేదు. అతనుండేది వంతెన కింది వీధిలో, అక్క దగ్గర. అమ్మా నాన్నా పోయాక అతన్ని పెంచి, చదివించి, ఇంతవాణ్ణి చేసింది ఆ అక్కే. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. అక్కడే ఓసారి బరువైన ఇస్త్రీ మిషను మూత కాలి మీద పడి ఎడమ కాలు నలిగిపోయింది. ఇక మానెయ్యి అక్కా అని అతను ఎన్నిసార్లు అన్నా, “నా కాళ్ళ మీద నన్ను నిలబడనీరా, ఒకటి కుంటిదైతే మాత్రం?” అని కొట్టిపారేసేది.

పెద్ద రోడ్డు మీద వచ్చే బస్సు వంతెన దగ్గర పక్కకి దిగి, వాళ్ళ వీధి చుట్టి వచ్చి, మళ్ళీ పైకెక్కుతుంది. ఆ చుట్టు ఉంది కాబట్టి అక్కకి ఉద్యోగం ఉంది. ఆఫీసు పెద్దాయనకి మాత్రం ఆ చుట్టు కంట్లో నలుసు. బస్సు తిన్నగా వంతెన మీంచే పోతే మిగతా ఊరందరికీ టైము కలిసొస్తుందని ఆయన వాదన. ఆ వాదనలో తప్పు లేదు, అదే వచ్చిన చిక్కు. చుట్టు తీసేస్తే అక్క రోజూ వంతెన మెట్లెక్కి పైన బస్సు అందుకోవాలి. అది ఆమె వల్ల అయ్యే పని కాదు. ఇప్పుడా చుట్టు ఉంటుందో ఊడుతుందో తేల్చేది కళ్ళజోడు మేడమ్ పెన్సిలు.

మర్నాటి నుంచి ఆమె చేసిన ప్రతి పనిలోనూ అతనికి ఏదో కనబడటం మొదలైంది. మంచి వెలుతురు పడే బల్ల దగ్గర తన కాగితాలు తీసేసుకుని, “మీరు కూర్చోండి, నాకు ఆ మూలనైనా సరిపోతుంది” అంది. అతను కూర్చున్నాడు కానీ కుదురుగా కూర్చోలేదు. తన వీధి నా చేతిలో ఉంది కాబట్టి మంచి చేసుకుంటోందేమో అనుకున్నాడు. కాసేపటికి, కాదు, నా చుట్టు తీసేసి ఉంటుంది, మొహం చెల్లక మర్యాదలు చేస్తోంది అనుకున్నాడు. ఎటు తిప్పి చూసినా తప్పు ఆమెదే. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా ఉంటుందంటే, లోకానికి రంగు వేసినవాణ్ణి పట్టుకోవాలనుకునే రకం మన డిటెక్టివ్.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అక్క మెట్టు మీద కూర్చుని కాలికి నూనె రాసుకుంటోంది.

“మీ ఆఫీసమ్మాయట, కళ్ళజోడు పెట్టుకుంది. మన వీధికి వచ్చింది,” అంది.

అతను చెప్పులు కూడా విప్పలేదు. “ఏమడిగింది?”

“ఎక్కడ పని చేస్తాను, ఎప్పుడు బయల్దేరతాను, ఇలాంటివే. నేను ఎవరి అక్కనో చెప్పలేదులే, నీకు మాటొస్తుందేమోనని. ఈ మెట్టు మీదే కూర్చుంది, మంచినీళ్ళు తాగింది. టేపు పెట్టి వంతెన దాకా కొలుచుకుంది. తర్వాత, ఏమీ అనుకోకపోతే ఒక్కసారి వంతెన మెట్లెక్కి చూపిస్తారా అంది.”

“ఎక్కావా?”

“ఎక్కాను. మధ్యమధ్యలో ఆగి ఆగి ఎక్కాను. నా వెనకే వచ్చింది.”

“ఎందుకెక్కావక్కా? ఎక్కగలదని రాసుకుపోతుంది. పైన స్టాపు పెడితే చాలంటుంది.”

“ఎక్కగలనో లేదో చూడ్డానికేగా వచ్చింది. చూడనీ,” అంది అక్క. “నీకు ప్రతిదీ తాడు కాదు పామేరా.”

అతనికి ఆ రోజు అన్నం సహించలేదు. మొదట్నుంచీ అనుకుంటున్నది నిజమేనని తేలినప్పుడు మనిషికి బాధతో పాటు కొంచెం తృప్తి కూడా కలుగుతుంది. అతనికి రెండూ కలిగాయి.

తర్వాత పెద్దాయన గది సంగతి. ఏదో సంతకానికని వెళితే లోపల ఆమె ఉంది. తలుపు తీసేసరికి ఇద్దరూ మాట్లాడటం ఆపేశారు. పెద్దాయన బల్ల మీదున్న మ్యాపుని అరచేత్తో కప్పాడు. రూలు ప్రకారం అది కప్పాల్సిందే, జతలోవాడు గదిలోకొచ్చాడు మరి. కానీ నిప్పు లేనిదే పొగ రాదు అనేది అతనికి చిన్నప్పట్నుంచీ ఇష్టమైన సామెత. ఇద్దరూ కలిసి చుట్టు కోసేశారని, అక్క మెట్లెక్కిందన్న మాటని సాక్ష్యంగా పెట్టారని అతను నిశ్చయించుకున్నాడు.

బయటికొచ్చి తన బల్ల దగ్గర కూర్చుని, ఆమె వీధి ఉన్న కాగితం ముందుకు లాక్కున్నాడు. అక్కడ దగ్గరదగ్గరగా రెండు స్టాపులున్నాయి. ఒకటి పెద్ద రోడ్డుకి అవతల, ఇంకొకటి ఆమె వీధి మొగలో. అంత దగ్గరగా ఉన్నవాటిని కలిపేయొచ్చని మాన్యువల్లో ఉంది. కలిపేయాలని లేదు. కలిపేముందు వెళ్ళి చూడాలని కూడా ఉంది. అతను వెళ్ళలేదు. రబ్బరు తీసుకుని వీధి మొగలోని స్టాపు తుడిచేశాడు. కాగితం మీద పొట్టు ఊదేసి, మాన్యువల్ ప్రకారమే కదా అని తనకి తానే చెప్పుకున్నాడు. పిల్లి కూడా కళ్ళు మూసుకునే పాలు తాగుతుంది.

మ్యాపులు గోడకెక్కే రోజు వచ్చింది. పెద్ద హాల్లో జతలవారీగా కాగితాలు గుచ్చారు. పద్ధతి ఏమిటంటే, టీ ముగిసేదాకా ఎవరి గీత వాళ్ళు పెన్సిలుతో సవరించుకోవచ్చు, కారణం కూడా చెప్పక్కర్లేదు. టీ తర్వాత పెద్దాయన సిరా పెన్ను తీస్తాడు. అప్పుడిక మార్పులుండవు. ఒకవేళ ఎవరైనా లేచి, నా స్వార్థం ఇందులో కలిసింది అంటే మాత్రం ఆ జత గీసిన రెండు కాగితాలూ రద్దవుతాయి. రెండూ పెద్దాయనే మళ్ళీ గీస్తాడు.

అతను ముందు తన వీధి చూసుకున్నాడు. చుట్టు ఉంది. స్టాపు ఎక్కడిదక్కడే ఉంది. పైగా గుమ్మాలకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

“ఈ చుట్టు తీసెయ్యమని నేను ఈవిడతో గదిలో ఎంత గొడవ పడ్డానో,” అన్నాడు పెద్దాయన అందరికీ వినబడేలా. “వినలేదు. మెట్లు ఎక్కలేని ఒకావిడని తను కళ్ళారా చూశానంది. మీరూ వెళ్ళి చూసొచ్చి అప్పుడు తీసెయ్యండి అంది. నాకు వెళ్ళే తీరిక లేదు, ఈవిడ గెలిచింది.”

అందరూ నవ్వారు. అతను కూడా నవ్వబోయాడు, మొహం కదల్లేదు. పక్క కాగితం మీద తను తుడిచిన చోటు తెల్లగా కనబడుతోంది. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. ఇంతలో టీ వచ్చింది.

ఆమె కప్పు పట్టుకుని తిన్నగా అతని దగ్గరికే వచ్చింది. గొంతు తగ్గించి, “మా వీధి స్టాపు కలిపేశారు. ఏదైనా కారణం ఉందాండీ? ఇంకా పెన్సిలే కదా అని అడుగుతున్నా,” అంది.

అప్పుడే, అక్కడే, పొరపాటైందండీ అని రబ్బరు తీస్తే అయిపోయేది. అతని చెయ్యి జేబు దాకా వెళ్ళింది కూడా. కానీ మనసు ఊరుకోదుగా. ఎందుకింత మెల్లగా అడుగుతోంది? నా నోటితో ఒప్పించి పెద్దాయనకి చెబుదామనా? నా వీధి కాపాడాను, నీ బదులు ఏదీ అని లెక్క చూపిద్దామనా? గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకుంటే పట్టుబడిపోతాం అనుకున్నాడు.

“మాన్యువల్ ప్రకారమేనండీ,” అన్నాడు.

“అలాగా,” అంది ఆమె. కాసేపు అతని మొహంలోకి చూసింది. “మీరు వెళ్ళి చూసే ఉంటారు లెండి.”

ఖాళీ కప్పులు తీసేశారు. పెద్దాయన పెన్ను మూత తీసి, వాళ్ళ జత దగ్గరికొచ్చి, “ఇక్కడ స్టాపు పోయింది, అభ్యంతరం ఉందా?” అని ఆమెని అడిగాడు.

“లేదండీ. ఆయన వెళ్ళి చూసి, ఆలోచించి గీసిందే. ఇంట్లోవాళ్ళకి నేను సర్దిచెప్పుకుంటా,” అంది ఆమె. మాటలో ఎత్తిపొడుపు లేదు. అతను చెవులు రిక్కించి వెతికాడు. ఎక్కడా లేదు.

ఆ ఒక్కటి అతను తట్టుకోలేకపోయాడు. తిట్టినా, అనుమానించినా తట్టుకునేవాడే. నమ్మితే ఏం చేయాలో అతనికి తెలీదు. కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడ్డాడు.

“నేను వెళ్ళలేదు,” అన్నాడు. “ఆ వీధి మొహం కూడా చూళ్ళేదు. మేడమ్ మా స్టాపు తీసేస్తారని అనుమానపడి, నేనే ముందు ఆవిడది తీసేశాను.”

పెద్దాయన పెన్ను మూత పెట్టేశాడు. ఎవర్నీ ఏమీ అనకుండా రెండు కాగితాలూ గోడ మీంచి ఊడదీసి చుట్టచుట్టి చంకలో పెట్టుకున్నాడు. సాయంత్రం మళ్ళీ గుచ్చిన కాగితాల మీద ఆయన సిరాలో బస్సు తిన్నగా వంతెన మీంచే వెళ్ళింది. ఆమె వీధి స్టాపు కూడా తిరిగి రాలేదు, మాన్యువల్ ప్రకారం కలిపేయడం బాగానే ఉందన్నాడు ఆయన.

ఆమె ఆఫీసు మెట్లు దిగుతుంటే అతను వెనకే వెళ్ళాడు. “నిజం చెప్పానండీ,” అన్నాడు, దానికేదో విలువుంటుందని.

ఆమె ఆగింది. మొదటిసారి ఆమె మొహంలో కోపం చూశాడు.

“టీ అప్పుడు అడిగానుగా. అప్పుడు చెప్పుంటే రబ్బరుతో పోయేది. మీ చుట్టు ఉండేది, మా స్టాపు ఉండేది. నాకొక్కదానికి చెప్పలేక ఊరందరికీ చెప్పారు.” కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. “మా నాన్నకి చూపు లేదండీ. బస్సు దిగి మా వీధి గోడ పట్టుకుని ఇంటికొస్తాడు. ఇప్పుడు రోడ్డు అవతల దిగాలి. అక్కడ పట్టుకోవడానికి గోడ లేదు.”

ఆమె వెళ్ళిపోయింది. అతను ఆపలేదు.

ఇంటికొచ్చి అక్కకి అంతా చెప్పాడు, ఒక్క ముక్క దాచకుండా. దాచితే రేపు ఎవరో చెబుతారని కాదు, ఈసారి అలా తోచలేదు. అక్క తిడుతుందని చూశాడు. ఏడుస్తుందేమోనని భయపడ్డాడు. ఆమె కాలు చాపుకుని వంతెన వైపు చూసింది.

“నా ఉద్యోగం సంగతి తర్వాత,” అంది. “ఆ అమ్మాయి వాళ్ళ నాన్న, చూపు లేనాయన. ఆయన ఎక్కడికి వెళ్తాడురా రోజూ బస్సులో?”

“తెలీదక్కా.”

“ఎంత వయసుంటుంది?”

“తెలీదు.”

“ఒక్కడే వెళ్తాడా, ఎవరైనా తోడుంటారా?”

“అదీ తెలీదక్కా.”

“ఆ అమ్మాయి నన్ను ఇవన్నీ అడిగిందిరా,” అంది అక్క.