రెండో వేలు

నాకు కోపమెక్కువని మా ఆఫీసులో అందరూ అంటారు. ఎక్కువే, కాదనను. కానీ ఆ కోపం ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి కదా? అది మాత్రం ఒక్కరూ చెప్పరు. అందుకే నేనే చెబుతున్నాను.

నా పేరు పొజ్జే. మాది భేజ్జికి అవతల, అడవిలో ఉన్న చిన్న గూడెం. ఇంట్లో మా దోర్లీ భాష, కొంటా బజారులో తెలుగు, ఆఫీసులో హిందీ మాట్లాడతాను. తిట్టాల్సి వస్తే మాత్రం తెలుగే. సుక్మాలో కంప్యూటర్ చదివి, బడిపిల్లల టాబ్లెట్లకి ఆటలూ పాటలూ తయారుచేసే ఓ చిన్న కంపెనీలో చేరాను. నా పైన వికాస్ సార్. కిరందుల్ గనుల కాలనీలో పుట్టి పెరిగిన ఆంధ్రా వాళ్ళబ్బాయి. చెడ్డవాడేం కాదు. జ్వరమొస్తే అడక్కుండానే సెలవిస్తాడు, లాప్‌టాప్ ఇంటికి తీసుకెళ్తానంటే సరేనంటాడు. కాకపోతే తన తెర మీద కనబడనిది లోకంలోనే లేదనుకుంటాడు.

నేను చేసింది డోలు ఆప్. తెర మీద రెండు గుండ్రాలుంటాయి. కుడిది పుల్లతో కొట్టే వైపు, ఎడమది అరచేత్తో కొట్టే వైపు. పిల్లలు రెండు వేళ్ళతో తాళం నేర్చుకుంటారు. సరిగ్గా పడితే గుండ్రం పచ్చబడుతుంది, తప్పితే ఎర్రబడుతుంది. అందులో తాళాలన్నీ మా అయ్యవే, ఆయన పేరు జోగ. మా చుట్టుపక్కల పెళ్ళికైనా, పండక్కైనా, చావుకైనా ఆయన డోలు మోగాల్సిందే. కిందటేడు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. అప్పట్నుంచి డోలు దూలానికి వేలాడుతోంది. అయ్య నోటితో తాళం చెబుతుంటే నేను ఆప్‌లోకి ఎక్కించాను. ఆయన చేతిలోంచి జారిపోయింది పిల్లల చేతుల్లోకైనా వెళ్ళాలని నా పంతం. వెళ్తే ఉన్నదున్నట్టు వెళ్ళాలి.

బడుల టాబ్లెట్లు ఇంకా రాలేదు. నా ఫోను చూస్తే తెర పగిలి, రెండో వేలు పెట్టగానే మొదటిదాన్ని మరిచిపోతుంది. ఇక ఎమ్యులేటరే గతి. ఎమ్యులేటర్ అంటే లాప్‌టాప్ తెర మీద నడిచే ఉత్తుత్తి ఫోను. అందులో వేలికి బదులు మౌస్. మరి ఒక్క మౌస్‌తో రెండు వేళ్ళెలా అంటారా? కంట్రోల్ మీట నొక్కిపెడితే తెర మీద రెండో చుక్క వస్తుంది. అద్దంలో నీడనుకోండి. ఇది అటు జరిగితే అది ఇటు జరుగుతుంది. ఇది నొక్కితే అదీ ఆ క్షణమే నొక్కుతుంది, ఇది లేస్తే అదీ లేస్తుంది. దానికంటూ సొంత బుద్ధి లేదు. ఫొటో పెద్దది చేసి చూడ్డానికి అలాంటి వేలు చాలు. డోలుకి చాలదు.

ఆ సంగతి నాకు తెలిసొచ్చిన తీరు వింటే మీరు నవ్వుతారు.

ఓ ఆదివారం పొద్దున్నే లాప్‌టాప్ గూడేనికి తీసుకెళ్ళి, మంగల్ మామ దగ్గరుండే పెళ్ళిళ్ళ స్పీకరు తగిలించి, కంట్రోల్ నొక్కి గుండ్రం మీద క్లిక్ చేశాను. రెండు వైపులూ ఒకేసారి పడ్డాయి. ధబ్. ఎందుకిలా కలిసి పడుతున్నాయా అని కాసేపు చూసి, మళ్ళీ నొక్కాను. ధబ్. తల గోక్కోవడం, నొక్కడం, మళ్ళీ తల గోక్కోవడం. నా తెలివి తెల్లారినట్టే ఉంది! మా గూడెంలో డోలు రెండు వైపులా కలిపి, ఆగి ఆగి కొడితే దానికి ఒకటే అర్థం. ఎవరో పోయారు, రండి అని.

వచ్చారు. మంగల్ మామ కట్టెల మోపు భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. మా అయ్యకి అక్క, కోసే అనే మా అత్త, కొత్తబట్ట చంకన పెట్టుకుని దారి పొడుగునా శోకాలు పెడుతూ వచ్చింది. "ఓ తమ్ముడా, ఓ జోగా, నన్ను ఇడిసిపెట్టి పోయినవా!" అని. తీరా వచ్చి చూస్తే తమ్ముడు అరుగు మీద కూచుని చుట్ట కాలుస్తున్నాడు.

"నేనింకా ఉన్ననే అక్కా," అన్నాడు అయ్య.

"మరి పోయింది ఎవరురా?"

"ఎవరూ పోలే. నీ మేనగోడలు కంప్యూటర్ల కొట్టింది."

నవ్వొచ్చే సంగతే గానీ అక్కడ ఎవరూ నవ్వలేదు. మా గూడెంలో ఓ కట్టు ఉంది. చావు పిలుపుకి లేచినవాళ్ళు మళ్ళీ బతుకు తాళం వినేదాకా కూచోకూడదు. బతుకు తాళమంటే పెళ్ళిలో కొట్టేదే. నిజంగా ఎవరైనా పోతే మట్టి చేసి వచ్చాక కొడతారు. ఉత్త పిలుపైతే అప్పటికప్పుడే కొట్టాలి. అందుకని అయ్య డోలు దింపమన్నాడు. కుడిచేత్తో తను పుల్ల పట్టుకున్నాడు, ఎడమ వైపు కోసే అత్త అరచేత్తో అందుకుంది. కలవలేదు. పాపం అత్త చెయ్యి ఎప్పుడూ ఓ దెబ్బ వెనకే. వచ్చినవాళ్ళు మొహమొహాలు చూసుకుని, మొహమాటానికి కూచున్నారు.

మొహమాటానికి! జోగ డోలు కొడితే జనం మొహమాటానికి కూచోవడం! అయ్య పుల్ల విసిరికొట్టి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజంతా అన్నం ముట్టలేదు. నన్ను తిట్టినా బాగుండేది. తిట్టలేదు. నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే ఆ నీడ వేలు మీద ఎక్కడలేని కోపమొచ్చింది.

సోమవారం ఆఫీసుకి వెళ్ళేసరికి వికాస్ సార్ నా ఆప్‌ని ఎమ్యులేటర్‌లో పెట్టుకుని కూచున్నాడు.

"బగ్ ఉంది పొజ్జే. ఎలా కొట్టినా ఎర్రబడుతోంది."

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది ఆయన వరస. తప్పు ఆప్‌లో లేదు, మీ నీడ వేలిలో ఉంది, రెండూ కలిసి పడుతున్నాయి కాబట్టే ఎర్రబడుతోంది అని చెప్పాను.

"అయితే సింపుల్ కదమ్మా. రెండూ కలిసి పడినా కరెక్టే అని మార్చెయ్. శుక్రవారం కొంటాలో ప్రోగ్రాం. పెద్ద తెర మీద ఈ లాప్‌టాప్‌లోంచే చూపించాలి. ఆ రోజు చూపించిందే అన్ని బడుల టాబ్లెట్లలోకీ ఎక్కుతుంది. అందరి ముందూ ఎర్రగా వస్తే మన పరువేం గాను?"

"సార్, మా దగ్గర రెండూ కలిపి కొడితే చావు పిలుపు. పెళ్ళి తాళమని చెప్పి పిల్లలకి చావు పిలుపు నేర్పమంటారా?"

"అబ్బా! స్పీకర్లో వచ్చే సౌండుకి ఎవరు లేస్తారమ్మా? ఆప్ అని వాళ్ళకి మాత్రం తెలీదా ఏంటి? తాళం స్పీడు కాస్త పెంచితే సరిపోతుంది."

ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నాట్ట వెనకటికొకడు. నా ఒళ్ళు మండిపోయింది. "నేను మార్చను సార్," అన్నాను.

"సరే, నేనే మారుస్తాలే. బస్, ఖతం."

ఖతం అట! అప్పుడే ఖతమెలా అవుతుంది? నేనూ పట్టు పట్టాను. నిజమైన ఫోను ప్రతి వేలికీ ఓ నంబరిస్తుంది. ఒకటో వేలు ఇక్కడ పడింది, రెండోది అక్కడ పడింది, ఒకటోది లేచింది, రెండోది ఇంకా ఉంది అని ఎవరి లెక్క వాళ్ళదే. ఎమ్యులేటర్ కూడా ఆ మాటలే వింటుంది. మౌస్ అనే అడ్డగోలు మనిషిని మధ్యలోంచి తప్పించి, తిన్నగా ఆ మాటలే చెబితే సరి. అందుకో చిన్న ప్రోగ్రాం రాశాను. కీబోర్డు మీద ఒక మీట నొక్కితే కుడి గుండ్రం మీద వేలు పడుతుంది, పక్క మీట నొక్కితే ఎడమ గుండ్రం మీద ఇంకో వేలు పడుతుంది. దేని దారి దానిదే. పక్కపక్క మీటలే ఎందుకు తీసుకున్నానంటే, అప్పుడు నా రెండో చేతిలో టీ గ్లాసుంది. అంతకుమించి కారణమేం లేదు.

వికాస్ సార్‌కి చూపించాను. "భలే చేశావే!" అన్నాడు. నిజంగానే మెచ్చుకున్నాడు. ఆ వెంటనే, "కానీ ప్రోగ్రాంలో వద్దు. మధ్యలో ఆగిపోతే నా తల తీసేస్తారు. మౌస్ అయితే నమ్మకం," అన్నాడు.

"ఆ తర్వాత టాబ్లెట్లలోకి మీరు మార్చిందే ఎక్కుతుంది కదా?"

"ఎక్కితే ఎక్కనీ. చూడు, నీకంత కష్టంగా ఉంటే శుక్రవారం నువ్వు రాకు."

"రాకపోవడమా? మా గూడెం మొత్తాన్ని వెంటపెట్టుకుని వస్తాను సార్," అన్నాను.

అన్నట్టే తీసుకొచ్చాను. కొంటా బడి హాల్లో వెనక వరసలన్నీ మావాళ్ళే. అయ్య రానన్నాడు. "నా తాళాన్ని ఆ డబ్బాల పాడుచేస్తరని చెప్పి మళ్ళ చూడనీకి రమ్మంటవేందే?" అని కసిరాడు. కోసే అత్త రెక్క పట్టుకుని లాక్కొచ్చి తన పక్కన కూచోబెట్టుకుంది. ముందు వరసలో విద్యాశాఖ నుంచి వచ్చిన ఉమామహేశ్వరి మేడమ్. వేదిక మీద వికాస్ సార్, లాప్‌టాప్, వెనకాల పెద్ద తెర, రెండు పక్కలా నా ఎత్తు స్పీకర్లు.

వెళ్ళి మెల్లిగా చెప్పాను. "సార్, ఆఖరిసారి చెబుతున్నా. నొక్కకండి."

ఆయన నవ్వి, "ఇప్పుడు మీ పెళ్ళి డోలు వినండి!" అని మైకులో చెప్పి, కంట్రోల్ నొక్కి క్లిక్ చేశాడు.

ధబ్.

గుండ్రాలు పచ్చగా వెలిగాయి. కాసేపు చూసుకుని మురిసి మళ్ళీ నొక్కాడు. ధబ్.

మంగల్ మామ లేచాడు. కోసే అత్త లేచింది. ఆ వెనక ఒక్కొక్కరూ లేస్తూ, వరసలకి వరసలే నిలబడ్డాయి. మా అయ్య కూడా కర్ర ఊనుకుని లేచాడు. ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు.

"నిలబడి మరీ మెచ్చుకుంటున్నందుకు థాంక్స్ అండీ!" అన్నాడు వికాస్ సార్ మైకులో.

"ఎవరు పోయిర్రు సారూ?" అని అడిగాడు మంగల్ మామ.

"ఆఁ?"

"పిలుపు కొట్టినవ్ గదా. పోయింది ఎవరో చెప్పు. ఎవరి ఇంటికి పోవాలె మేము?"

సార్ మొహం పాలిపోయింది. "ఎవరూ పోలేదండీ. కూచోండి. బైఠ్ జాయియే, ప్లీజ్," అన్నాడు. ఎవరు కూచుంటారు? వెనక వరసలన్నీ నిలబడే ఉన్నాయి. మేడమ్ వెనక్కి తిరిగి చూసి, ఏమిటిదంతా అన్నట్టు సార్ వైపు చూసింది.

నేను వేదికెక్కి మౌస్ వైరు పీకేశాను.

"తమాషా చెయ్యకు పొజ్జే. ఉద్యోగం గుర్తుపెట్టుకో," అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

"గుర్తుంది సార్. లేవండి."

లేచాడు. నా ఆప్ తెరిచి, నా ప్రోగ్రాం నడిపి, మీటల మీద వేళ్ళు పెట్టాను. అక్కడే తెలిసింది నాకు. రాయడం వేరు, కొట్టడం వేరు. ఓ దెబ్బ ముందు, ఓ దెబ్బ వెనక. పెద్ద తెర నిండా ఎరుపే.

"ఇది బతుకు తాళమా, బండి చక్రం ఊడిందా?" అన్నాడు మంగల్ మామ. ముందు వరసల్లో కొందరు కిసుక్కుమన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా మీటలు వదల్లేదు. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ ఎరుపే.

పక్కన కర్ర చప్పుడైంది. తలెత్తి చూస్తే అయ్య.

"జరుగు బిడ్డా. ఏది కుడి?"

"ఇది. పక్కది ఎడమ."

కర్ర బల్లకి ఆనించి, కుడిచేతి రెండు వేళ్ళు ఆ రెండు మీటల మీద పెట్టాడు. ఒకసారి ఇది, ఒకసారి అది నొక్కి విన్నాడు. తర్వాత కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. పుల్ల దెబ్బ, అరచేతి దెబ్బ, మధ్యలో ఆ చిన్న విరుపు. అదే తాళం, మా అయ్య తాళం! తెర మొత్తం పచ్చబడింది. వేలికో నంబరిచ్చాను గానీ, ఆ రెండు వేళ్ళూ ఒకే చేతివి కావచ్చని నాకు తట్టనేలేదు. ఇన్ని చదువులు చదివి ఏం లాభం? నిలబడి ఏడ్చేశాను.

ఒక్కో వరసా కూచోవడం మొదలుపెట్టింది. ఈసారి మొహమాటానికి కాదు. మంగల్ మామ తొడ మీద తాళం వేస్తూ కూచున్నాడు. అయ్య మాత్రం ఎవర్నీ చూడ్డం లేదు, వేగం పెంచాడు.

"టాబ్లెట్లలో పెడుతున్నది ఏది?" అని అడిగింది మేడమ్.

వికాస్ సార్ కూచున్న జనాన్ని చూశాడు, నన్ను చూశాడు. "ఇదే మేడమ్," అన్నాడు. తర్వాత నా చెవి దగ్గరికొచ్చి, "ఇక చాలు, ఆపమను. మేడమ్ మాట్లాడాలి," అన్నాడు.

"అందరూ కూచునేదాకా ఆగదు సార్. మా కట్టు అది."

"అందరూ కూచున్నారు కదా!"

అందరూ కూచోలేదు. వెనక వరసలో కోసే అత్త నిటారుగా నిలబడే ఉంది. పెద్దమనిషి, మోకాళ్ళ నొప్పులు. వినబడలేదేమోనని గబగబా దిగి ఆమె దగ్గరికి వెళ్ళాను.

"అత్తా, కూచో. తాళం సరిగ్గా లేదా?"

"సరిగ్గనే ఉంది."

"మరింకేంది?"

అత్త తమ్ముడి మీంచి చూపు తిప్పలేదు. "నేను కూసుంటే వాడు ఆపేస్తడు గదనే," అంది. "కూసోను పో."